గేటు లోపలి రేకుల గది

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం సెలవుల్లో ప్రొద్దుటూరుకు ఎగ్జిబిషన్ వచ్చింది. చూపించమని లింగాలలో మా ఇంట్లో నేను వారం రోజులు మారాం చేశాను. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లి ఉంది. చివరికి నాన్న, జేజి, నేను, మూడేళ్ల తమ్ముడు ఒక శనివారం మధ్యాహ్నం ప్రొద్దుటూరులో బస్సు దిగాము. జేజి మా నాన్నను కన్నతల్లి. ప్రార్థన చేయకుండా గడప దాటని మనిషి. మరుసటి రోజు ఊళ్లోని పెద్ద చర్చిలో ఆరాధనకు కూర్చోవచ్చన్న ఆశతోనే ఆమె మాతో బయలుదేరింది.

బస్టాండు దగ్గర మంచి లాడ్జి ఉంది. అయితే ఎగ్జిబిషన్ మైదానం లోపలే, ఒక మూలన, రేకులతో కట్టిన గదులు అద్దెకిస్తున్నారు. అద్దె లాడ్జిలో సగం. వాకిట్లోనే జెయింట్ వీల్. నేను నాన్న చొక్కా పట్టుకుని, ఆ గదే కావాలన్నాను. "యాడికీ నడిచే పని ల్యాదు, శానా చవక," అంటూ నాన్న రెండు రోజుల అద్దె ముందే కట్టేశాడు. కట్టింది తిరిగి ఇవ్వరని గదులాయన చెప్పాడు. గేటు సంగతి మాత్రం చెప్పలేదు.

అది ఆదివారం పొద్దున తెలిసింది. మైదానంలో తాగే నీళ్లు లేవు. నాన్న రోడ్డు అవతలి బోరింగులో కూజా నింపుకుని తిరిగొస్తుంటే, గేటు దగ్గర మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. లోపలికి రావాలంటే మళ్లీ టికెట్టు కొనాలట.

"ఈ రూముల్లో ఉండేటోళ్లమేప్పా," అన్నాడు నాన్న.

"రూము రూమే, గేటు గేటే మామా. పెండ్లికి పిలిస్తే బస్సు చార్జీ గూడా అడుగుతావా?"

నాన్న టికెట్టు కొన్నాడు. గదిలోకి వచ్చి కూజా దించి, ఇక రేపు పొద్దున దాకా ఎవరూ బయటికి పోకూడదన్నాడు. ఆరాధన మాట జేజి ఎత్తబోతే, ప్రార్థన ఈడ చేసుకుంటే దేవునికి వినపడదా అన్నాడు.

పది గంటలకే రేకులు కాలడం మొదలైంది. గదికి కిటికీ లేదు. తలుపు తెరిస్తే దుమ్ము, మూస్తే ఉడుకు. రాత్రి రంగురంగుల లైట్లతో తిరిగిన జెయింట్ వీల్ పగలు కదలక నిలబడింది. దాని నీడ కూడా మా వైపు పడలేదు. నీళ్లు సగానికి వచ్చాక నాన్న గ్లాసుకు బదులు మూతతో పోయసాగాడు. తమ్ముడు మొదట ఏడ్చాడు. తర్వాత ఏడుపు ఆపేశాడు. వాడి కాలు ముట్టుకుంటే పెనంలా ఉంది, పిలిస్తే కళ్లు తెరవలేదు. ఈ గది అడిగింది నేనే.

పిల్లోణ్ని బయటికి తీసుకుపోదామని జేజి అంది. రెండు దినాల దుడ్లు కట్టినాను, పోతే అన్నీ పాయ అన్నాడు నాన్న. ఆయన చెడ్డవాడు కాదు. ఏడాదంతా వేరుశనక్కాయ చేలో ఒళ్లు వంచిన మనిషికి, కట్టిన అద్దె వదిలి లేవడం చేతకాలేదు.

జేజి కళ్లు మూసుకుంది. మబ్బు కమ్మాలని ప్రార్థిస్తోందనుకున్నాను. కళ్లు తెరిచి కొంగు నడుముకు చుట్టి, తమ్ముణ్ని భుజాన వేసుకుంది.

"దుడ్లు నిన్ననే పోయినాయి నాయనా. వాటెంబడి పిల్లోడు గూడా పోవల్లనా?"

"మళ్లా రావాలంటే టికెట్టు కొనల్లమ్మా."

"వచ్చేటోళ్లకు గదా టికెట్టు," అని నా చెయ్యి పట్టుకుని నడిచింది. గేటు దాటాక వెనక్కి చూడలేదు.

మేము వెళ్లేసరికి చర్చిలో ఆరాధన సగంలో ఉంది. ముఖం తెలియని వాళ్లు జరిగి చోటిచ్చారు. పాస్టరమ్మ తడిగుడ్డతో తమ్ముడి ఒళ్లు తుడిచి, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు చెంచాతో పట్టింది. సంఘమంతా వాడి కోసం మోకాళ్లూనింది. ఆ ప్రార్థన ముగియకముందే వాడు కళ్లు తెరిచి అరటిపండు అడిగాడు. దేవుడు విన్నాడని నేను ఆ రోజు నమ్మాను. ఈ రోజుకీ నమ్ముతున్నాను. ఏడుస్తూ జేజి ఒడిలో తప్పు ఒప్పుకున్నాను. "నువ్వు అడిగినావు, మేం కట్టినాం. అది పెద్దోళ్ల తప్పు పాపా," అని నా తల నిమిరింది.

సాయంత్రం నాన్న చర్చికి వచ్చాడు. అద్దె దండగ కాకూడదని పొద్దంతా ఒక్కడే ఆ రేకుల కింద కూర్చున్నాడట. చొక్కా తడిసి ముద్దయింది. లోపలికి రాలేక మెట్ల దగ్గర నిలబడ్డాడు. జేజి తిడుతుందని ఎదురుచూశాను. ఆమె తమ్ముణ్ని కాస్త పక్కకు జరిపి, చాప మీద చోటు చేసి, నీళ్ల చెంబు అందించింది. నాన్న నీళ్లు తాగి, తమ్ముడి పాదాలు పట్టుకుని చాలాసేపు తల వంచుకున్నాడు.

మొన్న మా మనవరాలు ఏదో థీమ్ పార్కు పక్కన చవక గది దొరికిందని ఫోనులో చూపించింది. మంచం, ఏసీ, పొద్దున టిఫిను అన్నీ చదివి వినిపించింది. అందులోంచి మధ్యలో లేచి రావాలంటే కట్టిన డబ్బు ఏమవుతుందో చూడమన్నాను. నవ్వింది కానీ చూసింది. బతుకులో నేనూ కొన్ని రేకుల గదులకు ముందే అద్దె కట్టాను. పంతానికి, పరువుకి, అనేసిన మాటకి కట్టాను. లేవడానికి ప్రతిసారీ ఆలస్యమైంది. అయినా లేచాను. నా తర్వాత లేచి వచ్చినవాళ్లకు జేజిలా తిట్టకుండా చాప మీద చోటివ్వడమే ఇంకా నేర్చుకుంటున్నాను.