పరుపుల కొట్టులో మార్టినీ

మీరిప్పుడు చదవబోయేది ఒక మహా విషాద గాథ. ఇందులో ఒక వంశం పరువు మంటగలుస్తుంది, ఒక పెళ్ళి కొండ అంచున వేలాడుతుంది, ఒక రచయితకు తన రాతలే ఉరితాళ్ళై... సరే, అంత లేదు. తెనాలి నుంచి రేపల్లెకు బస్సులో వెళ్ళి, ఒక పరుపుల కొట్టులో కూర్చుని, పరువు పోగొట్టుకుని వచ్చాను. అంతే. కానీ కూర్చున్నంతసేపూ అది నాకు యుద్ధభూమిలాగే కనిపించింది. అందులో నేను యోధుణ్ణేం కాదు, దారి తప్పి మధ్యలోకొచ్చిన గేదెను.

అప్పట్లో నాకొక బ్లాగు ఉండేది. పేరు 'మహానగరంలో మంచుముక్కలు'. అందులో నేను హైదరాబాద్‌లో ఒంటరిగా బతుకుతూ, సాయంత్రాలు మేడమీది బార్లలో కాక్‌టెయిల్ చప్పరిస్తూ, జీవితం గురించి బరువుగా ఆలోచించే కుర్రాణ్ణి. నిజానికి తెనాలిలో మా ఇంటి డాబా మీద మజ్జిగ తాగుతూ రాసేవాణ్ణి. హైదరాబాద్ ఒక్కసారి వెళ్ళాను, పరీక్ష రాయడానికి. అదీ పెదనాన్న వాళ్ళింట్లో దిగి, వార్తలు అయ్యీ అవకముందే పడుకుని. ఇక మద్యమంటారా, నాకు తెలిసిన వాసన ఒక్కటే: ఇంజెక్షన్ చేసే ముందు నర్సు రుద్దే దూది.

రచయితకు అనుభవం కావాలంటారు పెద్దలు. అది లేనివాడికి ఇంటర్నెట్ ఉంది కదండీ.

ఒంటరిగా తాగేవాణ్ణి చూస్తే పాఠకులకు జాలి పుడుతుంది గానీ నవ్వు పుట్టదు. అందుకని బ్లాగులో నాకొక తోడు కావాల్సి వచ్చింది. నా స్నేహితుడు రఫీని పేరుతో సహా దింపేశాను. పేరు మార్చాలన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. బద్ధకం దానికంటే ముందొచ్చింది. బ్లాగులోని రఫీ తెనాలి నుంచి నిమ్మకాయల లోడుతో వచ్చి, రెండు గ్లాసులయ్యాక పాటలు పాడేవాడు, మూడయ్యాక ఏడ్చేవాడు. అసలు రఫీ తెనాలి మార్కెట్లో వాళ్ళ నాన్న కరీం బాబాయ్ నిమ్మకాయల వ్యాపారం చూసుకుంటాడు. టీ కూడా సగమే తాగే బుద్ధిమంతుడు.

ఆ రఫీ చెల్లెలు రేష్మాకు రేపల్లె సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి మస్తాన్ గారికి అక్కడ పరుపుల కొట్టుంది. వచ్చి పిల్లను చూశారు, నచ్చిందన్నారు, బిర్యానీ మెచ్చుకున్నారు. "శుక్రవారం నమాజయ్యాక ఫోన్ చేసి తేదీ చెప్తామండి" అని వెళ్ళారు. శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. ఫోను రాలేదు. ఆ తర్వాతి శుక్రవారమూ అంతే. మాట అన్నది మగపెళ్ళివారు కాబట్టి ముందు వాళ్ళే పలకాలని, మనం చేస్తే పిల్ల బరువైందనుకుంటారని కరీం బాబాయ్ పట్టు. పెళ్ళికొడుకు నచ్చిన రేష్మా మాత్రం అన్నం ముందు కూర్చుని మెతుకులతో ముగ్గులేస్తోంది.

సరిగ్గా అప్పుడే బాపట్లలో నాతో చదివినవాడొకడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, నీ బ్లాగు రేపల్లె వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందిరా. భలే ఉందంటున్నారు!"

రచయితగా నా గుండె పొంగింది. ఫోను పెట్టేసేలోపు అదే గుండె జారింది. రఫీకి చూపించాను.

"ఇందులో రఫీ ఎవరు?" అన్నాడు.

"పాత్ర."

"ఆ పాత్రకు నిమ్మకాయల వ్యాపారమేంటి?"

"సహజంగా ఉంటుందని..."

"తెనాలి అని కూడా రాశావు కదరా!"

"పాఠకుడు నమ్మాలి కదా."

"నమ్మాడు. రేపల్లె మొత్తం నమ్మింది. నా చెల్లెలి పెళ్ళి ఆగింది. పద."

"ఎక్కడికి?"

"నువ్వు ఎంత అబద్ధాలకోరువో వాళ్ళకి నీ నోటితోనే చెబుదువు గాని."

బస్సులో దారంతా నేను క్షమాపణ కంఠస్థం చేసుకున్నాను. భట్టిప్రోలు దాటేసరికి అందులోకి రెండు ఉపమానాలు కూడా చేరాయి. రోగం ఎక్కడికి పోతుంది?

కొట్టులో మస్తాన్ గారు జానెడు దబ్బనంతో పరుపు అంచు కుడుతున్నారు. మూలన వాళ్ళమ్మగారు, పక్కన తమ్ముడు జానీ గారు. "రండి బాబూ, కూర్చోండి. నాన్నగారు బాగున్నారా?" అన్నారు మస్తాన్ గారు, ఏమీ జరగనట్టు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. తుఫానుకు ముందు సూర్యలంకలో సముద్రం కూడా ఇంతే మర్యాదగా ఉంటుంది.

ప్లాస్టిక్ కవరు తీయని కొత్త పరుపు మీద కూర్చున్నాం. నేను కదిలితే అది కీచుమంటోంది. ఇక ఆగలేకపోయాను.

"మస్తాన్ గారూ, మీరు చదివిందంతా అబద్ధమండి! రఫీ చుక్క ముట్టడండి! ఆ బార్లు, ఆ గ్లాసులు, ఆ ఏడుపులు అన్నీ నేను కల్పించినవే! దయచేసి ఈ సంబంధం..."

దబ్బనం గాలిలో ఆగింది.

"ఏం చదివామండి?" అన్నారు మస్తాన్ గారు.

పాఠకులారా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే వెనకటికొకడు భుజాలు తడుముకున్నాడట. వాడు నాకంటే లక్ష రెట్లు నయం. వాణ్ణి కనీసం అడిగారు. నేను గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని, బస్సు టికెట్ కొనుక్కుని మరీ చూపించడానికొచ్చాను.

"ఏం లేదండి, ఏదో సరదాకి..." అన్నాను.

"బార్లన్నాడు," అన్నారు మూలనుంచి మామ్మగారు. "జానీ, అదేంటో చదువు."

జానీ గారు బ్లాగు పేరడిగి, ఫోన్లో తీసి, వార్తలు చదివే గొంతుతో మొదలుపెట్టారు: "'ఆ రాత్రి మేడమీది బార్లో అలల హోరు. రఫీ కళ్ళలో నగరం మునిగిపోతోంది...'"

"నగరమంటే మన పక్కనున్న నగరం ఊరేనా?" అన్నారు మామ్మగారు.

"హైదరాబాదండి."

"హైదరాబాద్‌లో అలలేంటిరా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా మామ్మగారూ! అబద్ధమండి! ఆ ఒక్క ముక్క సూర్యలంక ఇసుకలో కూర్చుని రాశాను!"

"అక్కడ పెద్ద చెరువుంది కదమ్మా," అన్నారు మస్తాన్ గారు. "గాలేస్తే అలలొస్తాయి."

నా రాతలో తప్పును ఒక పాఠకుడు సర్దిపెట్టడం అదే మొదటిసారి. దానికి ఆ రోజే దొరికింది.

"చూడకుండా ఇంత బాగా రాయలేడు," అని తేల్చేశారు మామ్మగారు. ఈ మెప్పు కోసం నేను ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. వచ్చింది, పీక మీదికి వచ్చింది.

"లేదండి, నేను చాలా చెత్తగా రాస్తానండి. కావాలంటే వీణ్ణి అడగండి."

"చెత్తగానే రాస్తాడండి," అన్నాడు రఫీ, మనస్ఫూర్తిగా.

మస్తాన్ గారు దబ్బనం పక్కన పెట్టారు. అది కుడుతున్నప్పటికంటే పక్కన పెట్టినప్పుడే ఎక్కువ గుచ్చుకుంది. "బాబూ రఫీ, పిల్ల బంగారం. కాదనను. కానీ అన్నే ఇలాగైతే... మేం మళ్ళీ ఆలోచించుకోవాలండి."

రఫీ తలదించుకున్నాడు. "చెల్లికి ఏం చెప్పను?" అన్నాడు, నాకొక్కడికే వినబడేలా. నా దగ్గర రెండు ఉపమానాలున్నాయి. రెండూ పనికిరాలేదు.

"మొత్తం చదవనీరా," అన్నారు మామ్మగారు. జానీ గారు అందుకున్నారు:

"'మార్టినీ వచ్చింది. పొగలు కక్కుతోంది. రఫీ, నేను ఊదుకుంటూ, ఊదుకుంటూ తాగాం...'"

జానీ గారు ఆగారు. ఒక్కసారిగా నవ్వుతూ పరుపు మీద వెనక్కి పడ్డారు.

"పొగలేంటి తమ్ముడూ! అదేమన్నా రసమా? మార్టినీకి గ్లాసు కూడా ఐసులో పెట్టి చల్లబరిచి పోస్తారు! నాలిక్కి తగిలితే జివ్వుమనాలి! వేడిది ఎవడు తాగుతాడు, ఛీ! అన్నయ్యా, వీళ్ళు చుక్క ఎరగరు. నేను పూచీ!"

నేను కదలకపోయినా పరుపు కీచుమంది.

"నీకెలా తెలుసురా?" అన్నారు మామ్మగారు.

"దుబాయ్ హోటల్లో పనిచేశాను కదమ్మా. గ్లాసులు కడిగేవాణ్ణి."

"కడిగే గ్లాసు చల్లగా ఉంటుందా?"

"కొంచెం ఉంటుందమ్మా."

"నాలిక్కి తగిలితే జివ్వుమంటుందా?"

జానీ గారు నా వైపు చూశారు. నేను గోడనున్న దూది ధరల బోర్డు శ్రద్ధగా చదువుకున్నాను.

మస్తాన్ గారు గొంతు సవరించుకున్నారు. "బాబూ రఫీ, ఇక్కడి మాటలు నాన్నగారి దాకా ఎందుకులెండి."

"అవసరమే లేదండి," అన్నాడు రఫీ.

"అయితే వచ్చే నెల మొదటి ఆదివారం పెళ్ళి పెట్టుకుందామని చెప్పండి."

పెళ్ళి ఘనంగా జరిగింది. బ్లాగు నేను అంతకుముందే మూసేశాను. ఇప్పుడు తూర్పుకు తిరిగి, చెప్పులు విప్పి ప్రతిజ్ఞ చేస్తున్నాను: తాగనిదాని గురించి రాయను. రాసినా స్నేహితుల పేర్లు వాడను. వాడినా పెళ్ళికెదిగిన చెల్లెళ్ళు ఉన్నారేమో కనుక్కుంటాను. అన్నిటికీ మించి, ఎవరూ మోపని నేరాన్ని ప్రాణం పోయినా ఒప్పుకోను.

అన్నట్టు, ఆ రోజు గుమ్మం దిగుతూ రఫీ అడిగాడు, ఇన్నాళ్ళూ ఫోన్ ఎందుకు చేయలేదండీ అని. మస్తాన్ గారి ఫోన్ డిస్‌ప్లే పోయిందట. కరీం బాబాయ్ నంబరు అందులోనే ఉందట. బాగుచేసేవాడు సోమవారం ఇస్తానన్నాడట.