అయ్యవారి బాణీ వినపడని కచేరీ

1937 జూన్‌లో నన్ను ప్రొద్దుటూరులో ఒక సంగీత పాఠశాలకు ఫిడేలు సహాయోపాధ్యాయుడిగా వేశారు. ఊళ్ళోని పత్తి వ్యాపారులు, బట్టల వ్యాపారులు కొందరు కమిటీగా ఏర్పడి ఆ పాఠశాలను నడిపేవారు. ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సెక్కాను. ఫిడేలు పెట్టెను టాపు మీద వేస్తానన్న కండక్టరుతో అక్కడే తగువు పెట్టుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరు చేరాను. నాకు కోపం తొందరగా వస్తుందన్న సంగతి చదివేవారికి ముందే తెలియడం మంచిది.

పాఠశాల అంటే రెండు గదులు, ఒక వసారా. గోడ అవతల పత్తి జిన్నింగు మిల్లు. ఉన్న ఉపాధ్యాయులం ఇద్దరమే. గాత్రం చెప్పే చిదంబరయ్య గారు ప్రధానోపాధ్యాయులు. విద్యార్థులు ఆయనను పెద్దయివారు అనీ, నన్ను చిన్నయివారు అనీ పిలిచేవారు. మృదంగం చెప్పడానికి జమ్మలమడుగు నుంచి వారానికి రెండుసార్లు ఒకాయన వచ్చి పోయేవాడు. చిదంబరయ్య గారిది కర్నూలు వైపు. చిన్నతనంలో తంజావూరు సీమకు పోయి గురువు ఇంట్లో ఉండి నేర్చుకున్నారు. ఒకప్పుడు బళ్ళారి నుంచి కడప దాకా ఆయన పాటకు మంచి పేరుండేది. నేను చేరేనాటికి ఆయనకు అరవై దాటాయి, ఉబ్బసం పట్టుకుంది. మిల్లు నడిచే రోజుల్లో దూది నుసికి మరీ ఆయాసపడేవారు.

మా వృత్తి తెలియనివారికి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. చిన్న కచేరీకి ముగ్గురు చాలు. గాయకుడు నడుమ కూర్చుంటాడు, ఎడమవైపు ఫిడేలు, కుడివైపు మృదంగం. ఈ రెండింటినీ పక్కవాద్యాలంటారు. ఇక నేర్పే పద్ధతి ఆ రోజుల్లో ఒక్కటే. గురువు పాడతాడు, శిష్యుడు విని అలాగే పాడతాడు. కాగితం మీద రాసుకోవడం తక్కువ. అలా ఒక గురువు నుంచి వచ్చిన పాట తీరును బాణీ అంటారు. శిష్యుడు నోరు విప్పగానే ఇది ఫలానా వారి బాణీ అని రసికులు గుర్తుపడితే వాడికి విద్య వచ్చినట్టు లెక్క. ఆ లెక్క సరైనదేనని నేనూ అప్పట్లో నమ్మేవాణ్ణి.

పై తరగతిలో ముగ్గురు యువకులుండేవారు. గాత్రం నాగిరెడ్డిది. రాజుపాళెం దగ్గర బావుల కింద సేద్యం చేసే మోతుబరి రైతు కొడుకు, గొంతు ఎంత దూరమైనా పోయేది. ఫిడేలు దస్తగిరిది. వాళ్ళ ఇంట తరతరాలుగా నాదస్వరం ఉంది, ఇతనొక్కడే కమాను పట్టాడు. మృదంగం ఓబులేసుది, ఊళ్ళోనే నేతగాళ్ళ పిల్లవాడు. ముగ్గురికీ ఇరవై లోపే.

శ్రావణమాసంలో కమిటీ కార్యదర్శి శెట్టి గారు నన్ను తన అంగడికి పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాడు, సంగీతమంటే నిజంగా ఇష్టం. "ఏమప్పా, పెద్దయివారు పాడలేకుండా ఉండాడు. పాడలేని మనిషి పాట ఏమి చెప్తాడు? దసరాకు ఆ ముగ్గురి చేత కచేరీ పెట్టిస్తాము. ఇని, ఆయప్పను ఉంచేదీ లేనిదీ అప్పుడు తేలుస్తాము" అన్నారు. చిదంబరయ్య గారికి భార్య పోయింది, పిల్లలు లేరు. పాఠశాల వెనుక గదిలోనే ఆయన కాపురం. ఉద్యోగం పోతే నీడ కూడా పోతుంది. ఆ మాట ఆయనకు చేరవేయవలసిన పని నాదైంది. ఆయన విని, సరే, పిల్లలకు దసరాకు ఒక పెద్ద కీర్తన కావాలి కదా అన్నారు, అంతే.

ఎంచుకున్నది సహానా రాగంలో నెమ్మదిగా సాగే విలంబకాలపు కీర్తన. ఆయన గురువు ఇంట్లో తప్ప బయట ఎక్కడా పాడింది కాదు. భక్తుడు దేవుణ్ణి ఎన్నిసార్లు పిలిచినా పలకవేమి అని అడుగుతాడు. విషయం అంతే. ఆయన పదిహేను రోజులు ఓపిక కూడదీసుకుని, పాదం పాదంగా పాడి, ముగ్గురికీ వినిపించారు.

ఒక ఉదయం వాళ్ళు లోపల సాధన చేస్తున్నారు. ఆయనా నేనూ వసారాలో కూర్చుని ఉన్నాం. నాగిరెడ్డి పల్లవి ఎత్తుకుని "పిలి" దగ్గర ఆగాడు. ఒక క్షణం తరువాత "చినా" అన్నాడు. దస్తగిరి ఫిడేలు కూడా అక్కడే ఆగి మళ్ళీ అందుకుంది. ఆ ఖాళీలో ఓబులేసు ఎడమచేత్తో ఒక ముచ్చటైన గుంకీ వేశాడు. గుంకీ అంటే అరచేతిని చర్మం మీద జార్చి తీసే మూలుగు లాంటి నాదం. మళ్ళీ పాడారు, మళ్ళీ అదే. నాకు అందులో తప్పేమీ తోచలేదు. పాత బాణీలో ఉన్న విరుపు కాబోలు అనుకున్నాను.

చిదంబరయ్య గారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకుని లోపలికి వెళ్ళి అన్నారు: "అది కీర్తన కాదురా నాయనా, నా ఉబ్బసం. దానికి తాళం గూడా వేస్తాండారా మీరు?"

నాగిరెడ్డి తల వంచుకున్నాడు. "మీరు పాడినట్టే కదా సామీ పాడతాండా" అన్నాడు. అది వాడి తప్పు కాదు. మా పద్ధతిలో వాడు నేర్చుకోవలసినట్టే నేర్చుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన వాళ్ళ ముందు పాడటం పూర్తిగా మానేశారు. వాద్యాలు మూలన పెట్టించి, కీర్తనను మాటలుగా చెప్పమన్నారు. చెప్పించి ఒక ప్రశ్న వేశారు. పిలిస్తే దేవుడు పలకలేదు కదా, వినపడక పలకలేదా, వినీ పలకలేదా?

నాగిరెడ్డి వెంటనే వినపడలేదన్నాడు. "మా నాయన బాయి కాడ నీళ్ళు తోడను ఎద్దులతో కపిల తోలుతాంటే నేను గట్టున నిలబడి ఎంత పిలిచినా ఇనపడదు సామీ. ఇంకా గట్టిగా పిలవాల." దస్తగిరి ఒప్పుకోలేదు. దేవుడికి వినపడకపోవడమేమిటి, వినే పలకడం లేదు, అలాంటివాణ్ణి గట్టిగా పిలిచి లాభం లేదు, మెల్లగా అడగాలి అన్నాడు. ఓబులేసు అడగ్గా చెప్పాడు: "మాయమ్మ కోపమొచ్చి పలక్కపోతే ఇంట్లో ఎవురూ నోరు తెరవం సామీ. ఎప్పుడు మాట్లాడుతాదా అని సూస్తా ఉంటాము." ఎవరిది సరైనదని ముగ్గురూ ఆయన ముఖం చూశారు. మీరు ముగ్గురూ కలిసి పాడేది, మీరే తేల్చుకోండి అని ఆయన బయటికి వచ్చేశారు.

ఆ తరువాతి నెలన్నర ఆ గదిలో పాటకంటే వాదమే ఎక్కువ. ఆయన ఒకరి ముఖం ఒకరికి కనబడేలా ముగ్గురినీ కూర్చోబెట్టేవారు. దస్తగిరికి పక్కవాద్యం పని గాయకుడి నీడలా నడవడమేనని నేను నేర్పి ఉన్నాను. ఆయన దాన్ని కొంత మార్చారు. నీడ అయితే నువ్వెందుకు, పాడేవాడు అడిగినదానికి నీ అభిప్రాయం చెప్పు, కానీ మర్యాదగా చెప్పు అనేవారు. ఓబులేసును పాట మొత్తం నోటితో పాడగలిగేదాకా మృదంగం ముట్టనివ్వలేదు. ఎవరైనా తప్పు స్వరం పాడితే మాత్రం ఊరుకునేవారు కాదు. రాగం, తాళం దగ్గర ఆయన ఎంత పట్టుదలగా ఉండేవారో, భావం దగ్గర అంతగా వదిలేసేవారు.

నాకు ఆందోళనగా ఉండేది. కమిటీలో అందరూ ఇరవై ఏళ్ళుగా ఆయన పాట విన్నవాళ్ళు. వాళ్ళకు తెలిసిన సంగీతం ఆయన బాణీయే. చిన్నప్పుడు ఆయన కచేరీలు విన్నవాణ్ణి, ఉబ్బసం రాకముందు ఆయన ఎలా పాడేవారో నాకూ గుర్తుంది, ఫిడేలు మీద అది పలికించి పిల్లల చేత అచ్చుగుద్దినట్టు పాడిస్తాను, ఉద్యోగం నిలబడుతుంది అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను. ఆయన విసుక్కోలేదు. "నా పాట నేను పాడేసినా కదప్పా. మళ్ళా ఆ పిల్లోళ్ళ చేత పాడించేది యాల?" అన్నారు.

దసరాకు శెట్టి గారి ఇంటి పెద్ద హాలులో కచేరీ పెట్టారు. కమిటీ వారంతా ముందు వరుసలో కూర్చున్నారు. చిదంబరయ్య గారు తలుపు దగ్గర, గాలి తగిలేచోట కూర్చున్నారు. నేను తంబురా పట్టుకున్నాను. మొదట పాడే వర్ణమూ, చిన్న కీర్తనలూ సాఫీగా జరిగాయి. తరువాత సహానా. నాగిరెడ్డి తను అనుకున్నట్టే ఒక్కొక్క సంగతికీ గొంతు పెంచుకుంటూ పోయాడు. సంగతి అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడటం. అతను పెంచినకొద్దీ దస్తగిరి ఫిడేలు నాదం తగ్గించుకుంటూ వచ్చాడు. నాగిరెడ్డికి అది వినపడింది. చివరి సంగతిలో పై షడ్జమనే ఎత్తు స్వరం దాకా పోవలసినవాడు మధ్యలోనే దిగి, ఆ పాదాన్ని దాదాపు మాటలాగా అన్నాడు. సాధనలో అలా ఒక్కసారి కూడా పాడలేదు. ఓబులేసు చేతులు మృదంగం మీద నుంచి తీసేశాడు. ఒక ఆవర్తనమంతా, అంటే తాళం ఒక చుట్టు తిరిగేదాకా, తంబురా తప్ప ఏమీ లేదు. నా జీవితంలో ఎన్నో కచేరీలకు వాయించాను. ఆ ఒక్క ఆవర్తనం వంటిది మళ్ళీ దొరకలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

మరుసటి రోజు కమిటీ కూర్చుని నన్ను పిలిచింది. శెట్టి గారే మాట్లాడారు. "శానా బాగుండాది. మేమెవురమూ అట్లాంటిది ఇనలేదు. అయితే ఆయప్ప బాణీ దాంట్లో యాడుండాది? ఒక్క ముక్క లేదే. అంటే ఆయన ఏమీ చెప్పలేదు, అంతా నువ్వే చెప్పినావని తెలిసిపోతానే ఉండాది." ప్రధానోపాధ్యాయుడి పదవి నాకిస్తున్నామన్నారు. అది ఆయన పనే, బాణీ లేకుండా చేయడమే ఆయన చేసిన పని, నేను అడ్డం కూడా పడ్డాను అని నిలబడి వాదించాను. నా గొంతు లేచింది. శెట్టి గారు నవ్వి, "పెద్దాయన మీద నీకు భక్తి ఉండాది, మంచిదే" అన్నారు. విద్యార్థులు ముగ్గురూ వెళ్ళి చెప్పినా అదే జవాబు. పెద్దయివారి మీద జాలితో చెబుతున్నారని కమిటీ అనుకుంది.

నేను ఉద్యోగం వదిలేసి పోతానని చిదంబరయ్య గారితో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు పోతే నా బాణీ పాడేవాణ్ణి ఎవుణ్ణో వెతికి తెస్తారు. ఆ ముగ్గురినీ మళ్ళా చిలకలను చేస్తారు. ఉండప్పా" అన్నారు. నెల తిరిగేలోగా ఆలూరులో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. ఎర్రగుంట్లలో రైలెక్కించడానికి మేం నలుగురమూ వెళ్ళాం. తరువాత రెండేళ్ళకు పోయారని తెలిసింది.

నేను ఆ పదవిలోనే పనిచేసి రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇది. శిష్యుడి పాటలో తన పాట వినిపించేలా నేర్పిన గురువుకు పేరు నిలుస్తుంది, పదవి నిలుస్తుంది. శిష్యుడికి తన పాట తాను వెతుక్కోవడం నేర్పిన గురువుకు ఆ రెండూ నిలుస్తాయన్న హామీ లేదు, ఎందుకంటే పని బాగా జరిగినకొద్దీ అది ఆయన చేసిందని ఎవరికీ కనబడదు. రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. నాగిరెడ్డి, దస్తగిరి, ఓబులేసు ముగ్గురూ తరువాత పేరున్న విద్వాంసులయ్యారు. ముగ్గురినీ విన్న రసికుడెవడూ వాళ్ళు ఒకే గురువు దగ్గర చదువుకున్నారని నాతో ఇంతవరకూ అనలేదు.