క్వార్టరు నెంబర్లతో సహా

ఇది వీరగాథ. ఒకవైపు తెల్లదొరల ప్రభుత్వం, మరోవైపు పదకొండుమంది తెలుగు కుర్రాళ్ళు, నడుమ బిలాస్‌పూర్. ఇలా మొదలుపెట్టి నాలుగు పర్వాలు లాగుదామనే అనుకున్నాను. నిజానికి జరిగిందంతా ఒక రిజిస్టరు పుస్తకం వల్ల, తొమ్మిది రోజుల్లో.

యుద్ధం సాగుతున్న రోజులు. ఊళ్ళో కొత్తగా కాలేజీ పెట్టారు. అందులో చేరిన రైల్వే కాలనీ తెలుగు పిల్లలం ఒక విద్యార్థి సంఘం పెట్టుకున్నాం. ఆదివారం మధ్యాహ్నాలు రైల్వే ఇన్‌స్టిట్యూటు వెనక వరండాలో కూర్చుని తెలుగులో ఉపన్యాసాలు ఇచ్చుకోవడం దాని ఆశయం. మాలో సగంమందికి తెలుగు చదవడం సరిగా రాదు కనుక ఉపన్యాసాలు క్లుప్తంగా ఉండేవి. నా స్నేహితుడు అధ్యక్షుడు. వాడి గొంతు పెద్దది. నేను కార్యదర్శిని, నా దస్తూరీ గుండ్రంగా ఉంటుంది.

రిజిస్టరులో సభ్యుల పట్టిక ఇంగ్లీషులో నేనే రాశాను. మా కాలనీలో మనిషిని వట్టి పేరుతో ఎవరూ పోల్చుకోరు. "ఎవరబ్బాయివిరా?" అంటే తండ్రి పేరు, ఆయన ఉద్యోగం, క్వార్టరు నెంబరు ఒక్క ఊపిరిలో చెప్పాలి. శుభలేఖల మీదా అలాగే వేయిస్తారు. ఆ అలవాటు కొద్దీ ప్రతి సభ్యుడి పేరుకెదురుగా అవన్నీ రాశాను. కింద ఎర్రసిరాతో గీతలు కూడా కొట్టాను.

ఆ ఆదివారం చర్చ, రైళ్ళు ఆగితే దేశం ఆగుతుందా అని. ఆగి తీరుతుందని, అవసరమైతే మనమే ఆపాలని అధ్యక్షుడు బల్ల గుద్దాడు. అప్పుడు చూశాం. వెనక బెంచీ మీద ఎవరో కొత్త మనిషి. ఖాకీ లాగు, నల్ల గొడుగు, ఒళ్ళో నోటుబుక్కు. చివరిదాకా కదలకుండా విన్నాడు. చప్పట్లు కొట్టలేదు. సభ ముగిశాక నా దగ్గరికొచ్చి హిందీలో సభ్యుల జాబితా అడిగాడు. ఖాకీ వేసుకున్నవాడు అడిగితే కాగితం ఇచ్చేయడం రైల్వే ఇళ్ళలో ఉగ్గుపాలతో వచ్చే గుణం. ఇచ్చాను. మొత్తం రాసుకున్నాడు. ఒక నెంబరు అర్థం కాకపోతే నేనే చదివి చెప్పాను. "అచ్ఛా" అని వెళ్ళిపోయాడు.

అధ్యక్షుడు ఆ గొడుగు వెళ్ళినవైపే చూస్తున్నాడు. వాళ్ళ నాన్న లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఇరవై ఏళ్ళు బొగ్గు వేసి, డ్రైవరు పరీక్ష ప్యాసై, ఆర్డరు కోసం చూస్తున్నాడు. కొడుకు రైళ్ళు ఆపుతానన్నాడని పైవాళ్ళకు తెలిస్తే ఆర్డరు మాట అటుంచి, ఉద్యోగం పోతుంది. వెనకే క్వార్టరు.

"సీఐడీ వాడేరా," అన్నాడు.

"గొడుగేసుకుని సీఐడీ ఏట్రా?"

"నవ్వకు. మా నాన్న ఉద్యోగం కూడా రాసిచ్చీసినావు గదరా నువ్వు."

రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాను.

బుధవారం తెల్లారేసరికి సభ్యుల ఇళ్ళ తలుపుల మీద సుద్దతో గుండ్రటి గుర్తులు. పక్కిళ్ళకు లేవు. మా వీధిలో రెండే తలుపులు, మాదీ, అధ్యక్షుడి వాళ్ళదీ. గూడ్సు గార్డు అయిన మా నాన్న అప్పటికి కట్నీ లైనులో ఎక్కడో ఉండటం నా పుణ్యం. నేను వెళ్ళేసరికి వాళ్ళమ్మ తడిగుడ్డతో గుమ్మంలో నిలబడి ఉంది.

"తుడిచెయ్ పిన్నీ."

"తుడిస్తే తప్పు చేసినామని మనమే ఒప్పుకున్నట్టు అవదేటిరా? ఉండనీ."

ఆ గుడ్డతో గడప మాత్రం తుడిచి లోపలికి వెళ్ళింది.

ఒక సభ్యుడు జ్వరమని లింగియాడీహ్‌లో మేనమామ ఇంటికి చేరాడు. జ్వరం అంటుకున్నట్టుంది, మిగతా ఎనిమిదిమందీ మరుసటి ఆదివారం రాలేదు. అధ్యక్షుడూ నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. కోరం లేదని రాద్దామంటే రిజిస్టరు ముట్టుకునే ధైర్యం ఇద్దరికీ లేదు.

మంగళవారం నేను అధ్యక్షుడి ఇంట్లో ఉండగా కాల్‌మేన్ వచ్చాడు. ఫైర్‌మన్లను డ్యూటీకి పిలిచే ముసలాయన. సైకిలు దిగకుండానే, "డ్యూటీ కాదు. ఫోర్‌మన్ రమ్మన్నాడు," అన్నాడు.

బాబాయి, అంటే వాడి నాన్న, ఉతికిన కోటు వేసుకున్నాడు. వడ్డించిన అన్నం అలాగే ఉంది. గుమ్మం దిగుతూ కొడుకుతో, "ఏటైనా మీ యమ్మకి నాను చెప్తాను. నువ్వు మాటాడకు," అన్నాడు.

షెడ్డుదాకా వెనకే నడిచి, బయట నిలబడ్డాం. పెద్ద గొంతు వాడు మాట్లాడకపోతే ఎంత భయంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. కాసేపటికి బాబాయి ఇంగ్లీషు కాగితంతో వచ్చాడు. బొగ్గు ఇంకిన వేళ్ళతో దాన్ని నాకు అందించాడు.

"చదువు, సెక్రటరీ. తీసీసినారేటి?"

చదివాను. నమ్మకం కలగక మళ్ళీ చదివాను. కాలనీ పక్కనే తోర్వాలో కలరా కనబడిందట. రైళ్ళ మీద పనిచేసేవాళ్ళ కుటుంబాలన్నిటికీ సూది వెయ్యాలట. తెలుగు విద్యార్థి సంఘం వారు దయతో ఇచ్చిన జాబితా ప్రకారం మొదటి విడత ఇళ్ళకు గుర్తులు వేశారట. ఆ గొడుగు మనిషి శానిటరీ గుమాస్తా. ఇంటింటికీ తిరగడం తప్పిందని మా సంఘం మీద అతనికి చాలా గౌరవం.

"మరి నా డ్రైవరు ఆర్డరు?"

"దాని ఊసు ఇందులో లేదు బాబాయ్."

సూది వేయించుకున్న చీటీ చూపించనిదే ఇంజను ఎక్కనివ్వరని మాత్రం ఉంది. గురువారం ఉదయం ఎనిమిదికి రైల్వే ఆస్పత్రి. ఇంటిల్లిపాదీ రావాలి. ఎడమ చెయ్యి. పరగడుపున రాకూడదు.