వాదన లేని పాత్ర

మొన్న చంపాపేటలో ఒక ఫంక్షన్ హాలు ముందు పెళ్ళి ఊరేగింపు కోసం డప్పులు కాస్తున్నారు. కాగితాలు తగలబెట్టి ఆ మంటకు చర్మం చూపిస్తుంటే వచ్చే కమురు వాసన తగలగానే నాకు విమల మేడమ్ గుర్తొచ్చారు. ఆమెది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చదివిన డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవారు. జాతకాలనూ ముహూర్తాలనూ క్లాసులోనే ఉతికి ఆరేసేవారు. "నేను చెప్పానని నమ్మితే మీరు నాకు భక్తులవుతారు, విద్యార్థులు కారు" అనేవారు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. నాటకం, సృజనాత్మక రచన కలిపి నేర్పే పీజీ కోర్సుకు నాకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి నగరంలోనే, అక్కడ బంద్‌ల వల్ల తరగతులు నడవడం లేదు. రెండోది కోస్తాలో, అక్కడ మంచి రంగస్థలం, ఆగని పాఠాలు. సోమవారంలోగా తేల్చుకోవాలి. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఆటో నడుపుతున్న మా నాయన, "అందరు కొట్లాడుతుంటె నువ్వు గటు పోతవా బిడ్డా? ఆటో అడ్డా మీద నా మొకం ఎట్ల సూపియ్యాలె?" అన్నాడు. అమ్మేమో "ఈడ సదువేడిది? తాళాలు సూస్కుంట కూసుంటదా?" అంది. ఇద్దరి మాటా సబబుగానే తోచింది. అదే నా బాధ.

మేడమ్‌ని అడిగాను. "అటు వెళ్ళమంటే మావైపు లాగుతున్నానని మీ నాన్నగారు అనుకుంటారు. ఇక్కడే ఉండమంటే, ఆయన దగ్గర మంచిదాన్ననిపించుకోవడానికి అన్నానేమోనని నాకే అనుమానం వస్తుంది. నా సలహా పనికిరాదమ్మా. ఇక్కడ నీకు సీటొచ్చిన యూనివర్సిటీ పిల్లలు ఎల్బీనగర్‌లో నాటకం వేస్తున్నారటగా, పద చూద్దాం" అన్నారు. పిల్లల బతుకులను తమ అభిప్రాయాలతో నింపే పెద్దలను చాలామందిని చూశాను. తన అభిప్రాయాన్నే అనుమానించిన పెద్దను మాత్రం ఆమెనొక్కరినే చూశాను.

ఆ సాయంత్రం రిలే దీక్షల శిబిరం ముందు, డప్పులు కాచుకుని, నగర విశ్వవిద్యాలయం విద్యార్థులు వీధినాటకం వేశారు. అందులో ఒక కోస్తా కాంట్రాక్టరు. "ఏవండీ, ఈ నీళ్ళూ మావేనండీ, ఈ నేలా మాదేనండీ" అని సాగదీస్తుంటే జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పక్కకు చూశాను. ఆమె నవ్వడం లేదు.

నాటకం అయ్యాక తిన్నగా ఆ వేషం కట్టిన అబ్బాయి దగ్గరికి వెళ్ళారు. "బాగా చేశావు బాబూ. కానీ ఆ మనిషి నోట్లో ఒక్క వాదనైనా పెట్టలేదేం? మీరు గెలిచింది ఎవరి మీద, దిష్టిబొమ్మ మీదా?" ఆ యాస వినగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. వెనక నుంచి ఎవరో "ఒచ్చిందిరా అసలు కాంట్రాక్టరు!" అన్నారు. ఆ అబ్బాయి మాత్రం చెమట తుడుచుకుంటూ, "ఆయన వాదన మా తాతల కాలం సంది ఇంటనే ఉన్నం మేడమ్. గిప్పుడు జర మాది ఇనుండ్రి" అన్నాడు.

ఆమె, "అది నాకు తట్టలేదు" అన్నారు.

సరూర్‌నగర్‌లో ఆమెను ఇంటి దగ్గర దింపడానికి ఆటోలో వెళ్తూ, "మరి నేనెక్కడ చేరను?" అన్నాను. "అతను చెప్పిందీ సరే, నేనన్నదీ సరే. ఈ రెండూ ఒకే నాటకంలో ఎక్కడ రాయగలవో చూసుకో" అన్నారు. దిగేముందు, "నాకు కోపం వచ్చింది, తెలుసా?" అన్నారు.

నగరంలోనే చేరాను. ఉద్యమం కోసమని నాయన గర్వపడ్డాడు. బెదిరి ఉండిపోయానని మా వీధిలోని కోస్తావాళ్ళు అనుకున్నారు. అసలు కారణం ఇదీ అని నాకే స్పష్టంగా తెలియదు. మూసిన గేటు ముందు కూర్చుని, పొరపాటు చేశానేమోనని చాలాసార్లు అనుకున్నాను.

అక్కడే మొదటి నాటకం రాశాను. అందులో ఒక కోస్తా టీచరు. సహనానికీ న్యాయానికీ మారుపేరు. మేడమ్‌కి చదివి వినిపించాను. "ఇంత మంచిదాన్ని చేశావేంటి? ఇది ఇంకో రకం దిష్టిబొమ్మ. నాకూ స్వార్థం ఉంది, భయం ఉంది. అవెక్కడ?" అన్నారు.

రాష్ట్రం ఖాయమైన రోజు నాయన మిఠాయి డబ్బా పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. లోపల టీవీ వినిపిస్తోందట. ఎంత పిలిచినా తలుపు తీయలేదు. "పాపం, బాధల ఉన్నట్టుంది బిడ్డా" అన్నాడు తిరిగొచ్చి. కొన్నాళ్ళకు ఆమే మా ఇంటికొచ్చి, ఏమీ జరగనట్టు టీ అడిగి తాగారు.

ఆమె ఇప్పుడు లేరు. ఆ దృశ్యం ఎన్నోసార్లు రాయబోయాను. బయట నిలబడ్డ మా నాయన మాటలు వాటంతటవే వస్తాయి. లోపల ఆమె ఏమనుకుంటూ కూర్చున్నారో రాయబోతే కలం ఆగుతుంది. ఆమెను దుర్మార్గురాల్ని చేయడం తేలిక, దేవతను చేయడం ఇంకా తేలిక. ఆ రెండూ కొట్టేసి, తలుపు లోపలివైపు నుంచి మళ్ళీ మొదలుపెడతాను.