నాగలక్ష్మి చూపించిన ఎర్రగీత

మొన్న నందిగామలో పాతసామాను కొట్టు ముందు నడుస్తుంటే, ఎండకు కాగుతున్న కంప్యూటర్ల దుమ్ము వాసన ముక్కుకు తగిలింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నాగలక్ష్మిని చూడాలనిపించింది.

జగ్గయ్యపేటలో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నాగలక్ష్మి నా శిష్యురాలు. టైపుమిషన్ కీల మీద గుడ్డ కప్పి నేర్పేవాణ్ణి. కిందికి చూస్తే స్కేలు దెబ్బే. తొంభైల చివరికి నా మిషన్ల దగ్గరికి వచ్చేవాళ్లే కరువయ్యారు. అప్పటికి ఆమె నందిగామలో కంప్యూటర్లు నేర్పుతోంది. నలభై ఆరేళ్ల వయసులో బస్సెక్కి వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను. నేర్చుకోకపోతే బతుకుతెరువు పోయినట్టే. అయినా గీర తగ్గలేదు. అందరూ మేడమ్ అంటుంటే నేను మాత్రం "అమ్మాయ్" అనేవాణ్ణి.

ఒకరోజు కంప్యూటర్ డబ్బా విప్పి ఫ్లాపీ డ్రైవ్ బిగించడం చూపించింది.

"ఈ చిన్న ప్లగ్గు కరెంటుకండి మాస్టారూ. ఈ పట్టీ కేబులేమో సమాచారానికి. మెలిక ఉన్న కొస డ్రైవ్‌కి, రెండో కొస బోర్డుకి. పట్టీ అంచునున్న ఎర్రగీత ఒకటో పిన్ను వైపుండాలి. చూసి పెట్టండి."

"తాతకు దగ్గులు నేర్పకమ్మాయ్. నా వేళ్లకు కళ్లున్నాయి" అంటూ, ఆమె వైపే చూస్తూ కేబుల్ నొక్కేశాను. దానికి గాడి లేదు, ఎటు తిప్పినా దిగుతుంది. ఎవరో పిలిస్తే ఆమె బయటికి వెళ్లింది. నేను స్విచ్ వేసి, బల్ల మీదున్న ఫ్లాపీ లోపలికి తోశాను. డ్రైవ్ లైటు వెలిగింది, ఎంతకీ ఆరలేదు. కేబుల్ తిరగేసి పెట్టాను. ఆమె వచ్చేసరికి ఫ్లాపీ పాడైపోయింది. అందులో ఉన్నవి విద్యార్థుల కోసం నెలల తరబడి ఆమె తయారుచేసిన పాఠాలు. వేరే కాపీ లేదు.

తిట్టినా బాగుండేది. కేబుల్ పీకి నా చేతికిచ్చింది.

"చూడొద్దని మీరు నేర్పారు, చూడకుండా నేర్చుకున్నా. ఇది చూసి చెయ్యాల్సిన పనండి. మళ్లీ మీరే పెట్టండి."

ఎర్రగీత చూసి పెట్టాను. లైటు ఒకసారి వెలిగి ఆరింది.

ఆమె చెప్పిన పాఠాలన్నీ నేను నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. మర్నాడు అది తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. వారం రోజులు దాన్ని చూస్తూ అన్నీ మళ్లీ టైపు చేసింది. చూపు ఒక్కసారైనా కీల మీదికి దిగలేదు. పక్కన నిలబడ్డ నాకు గర్వమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి. క్షమించమనడానికి మాత్రం నోరు రాలేదు.

తర్వాత పేటలో డీటీపీ సెంటరు పెట్టాను. "ఈ వయసులో మీకెవరు నేర్పారండీ?" అని జనం అడిగితే, "ఒకరు నేర్పేదేంటి, నేనే నేర్చుకున్నా" అనేవాణ్ణి. ఓసారి అలా అంటుండగా చూద్దును కదా, నాగలక్ష్మి గుమ్మంలో ఉంది.

"మాస్టారికి ఒకరు నేర్పాలా అండీ?" అని నవ్వింది, వచ్చినవాళ్లతో.

ఆరేళ్ల కిందట జబ్బు చేసి పోయింది. ఇప్పుడు ఎవరడిగినా, అడక్కపోయినా, నాకు నేర్పింది నాగలక్ష్మి అని చెబుతున్నాను. ఆ మాట ఆ రోజు, ఆమె గుమ్మంలో ఉండగా అనాల్సింది.