ఇంజెక్షన్ వద్దన్న మా ఎదురింటి ఆంటీ

మా ఎదురింటి ఆంటీ పోయారు. నేను ఫ్యాక్టరీలో టీ బ్రేక్‌లో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడే, కెనడాలో పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి ఇంగ్లీషే వస్తుంది. "అక్కా, అమ్మ ఈజ్ గాన్," అంది. పొద్దున ఉప్మా తిన్నారట. తను ప్లేటు కడిగి వచ్చేసరికి కుర్చీలోనే తల పక్కకి వాల్చి ఉన్నారట. "నో పెయిన్. ఐ థింక్ నో పెయిన్," అని రెండుసార్లు అంది.

ఏడుపు కంటే ముందు నాకు హమ్మయ్య అనిపించింది. ఈ మాట రాయడానికి మొహమాటపడటం లేదు. రెండేళ్ళుగా గుండె బలహీనపడి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవారు. పోవడమంటే ఆవిడకి భయం లేదు. ఒంటి నిండా ట్యూబులతో, ఎవరి ముఖమూ గుర్తుపట్టకుండా పడి ఉండటమంటేనే భయం. అది జరగలేదు.

గ్వెల్ఫ్ యూనివర్సిటీలో ముప్పై ఏళ్ళు గుర్రాల కీళ్ళ మీద పరిశోధన చేశారు ఆంటీ. తెనాలి నుంచి వచ్చిన మనిషికి గుర్రాలతో ఏం పని అని మొదట్లో నాకు నవ్వొచ్చేది. కుంటుతున్న గుర్రాన్ని అటూ ఇటూ నడిపించి, నొప్పి ఎక్కడుందో కనిపెట్టడం ఆవిడ పని. ఆ అలవాటు పోలేదు. ఎవరు ఇంటికొచ్చినా ముందు కాళ్ళు చూసి, తర్వాత ముఖం చూసేవారు. "గుర్రం అబద్ధం చెప్పదమ్మాయ్, దాని ఓనరే చెప్తాడు," అనేవారు. ల్యాబ్ అలవాటు ఇంకోటి కూడా ఉండేది. ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి సీసా మీద కూడా టేపు అంటించి, ఏ రోజు చేశారో, ఏ నూనె వాడారో రాసేవారు. "రాయని దాన్ని నేను తినను, ఇంకొకళ్ళకి పెట్టను," అనేవారు.

రెండు చలికాలాల కిందట నా కుడి మోకాలు మొరాయించింది. నాది కారు విడిభాగాల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పని, ఎనిమిది గంటలు నిలబడాలి. అంతకు ముందు ఏడాది తీసిన ఎక్స్‌రే చూసి కొంచెం అరుగుదల అన్నారు. ఫిజియో అయింది, మాత్రలయ్యాయి. ఎమ్మారై కోసం నెలల తరబడి వెయిటింగ్. అలాంటప్పుడు రిచ్‌మండ్ హిల్‌లో ఉండే ఫ్రెండ్ ఒక ప్రైవేటు క్లినిక్ సంగతి చెప్పింది. వీడియో కాల్‌లో ఒకతను నా పాత రిపోర్టు చదివి, ఎక్సోజోమ్ ఇంజెక్షన్ ఇస్తే మోకాలి గుజ్జు మళ్ళీ పెరుగుతుందన్నాడు. పై శనివారానికే అపాయింట్‌మెంట్ ఇచ్చాడు.

ఎక్సోజోమ్ అన్న మాట నేను మొదట విన్నది ఆంటీ నోటి నుంచే, ల్యాబ్‌లో గుర్రాల కీళ్ళకి వాటిని ఎక్కించి చూసేవారట. అందుకే సంతోషపడతారనుకుని కుంటుకుంటూనే వెళ్ళి చెప్పాను. ఆవిడ స్టవ్ ఆపేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అదేంటో నీకు తెలుసా?"

"స్టెమ్ సెల్స్ లాంటివే, ఇంకా అడ్వాన్స్‌డ్ అన్నాడు."

"కణాలు కావు. కణాలు విడిచే పొట్లాలు. నీ ఒంట్లో ప్రతి కణం పక్కవాటికి ఇలాంటి పొట్లాలు పంపుతూ ఉంటుంది. మామూలు మైక్రోస్కోపుకి కూడా కనపడనంత చిన్నవి. వాటిలో ప్రోటీన్లుంటాయి, కబుర్లుంటాయి. వాపు తగ్గించు, ఆగు, పెరుగు." నా ముఖం చూసి, "గిన్నెలో పెరుగు కాదు," అన్నారు. "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మేలు చేసేది ఆ కణాలు కాదు, అవి పంపే ఈ పొట్లాలేనేమో అని మా ఆశ. అలా అయితే కణాలతో పని లేకుండా పొట్లాలే ఇవ్వొచ్చు కదా."

"మరి పనిచేస్తాయా ఆంటీ?"

"కొన్ని గుర్రాలకి వాపు తగ్గింది. కొన్నిటికి ఏమీ కాలేదు. ఎందుకో మాకు తెలియదు. ఒకే కణాల్ని కడుపు మాడ్చి పెంచితే ఒక రకం పొట్లాలు, బాగా మేపితే ఇంకో రకం. ఆ సీసాలో ఏవున్నాయో వాళ్ళకి తెలుసా? ఇక్కడ వీటికి ఇంకా అనుమతే లేదు. పెరగమని కబురు పంపేటప్పుడు, ఎవర్ని పెరగమంటున్నామో ముందు తెలియాలి కదా. వద్దమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకేం ఆంటీ, కూర్చుని వద్దంటారు. నిలబడాల్సింది నేను," అనేసి వచ్చేశాను. మూడు రోజులు వాళ్ళింటి వైపు చూడలేదు.

నాలుగో రోజు ఆవిడే ఆయాసపడుతూ మంచులో రోడ్డు దాటి వచ్చారు. పైన వేసుకున్న కోటు కూడా విప్పకుండా అడిగారు. "కూర్చున్నప్పుడు కూడా నొప్పేనా?"

"పడుకున్నా నొప్పే."

"అరిగిన కీలు కూర్చుంటే కాస్త ఊరుకుంటుంది. ఇది ఊరుకోవట్లేదు. శనివారం లోపల కొత్త ఎక్స్‌రే తీయించు. క్లినిక్‌కి ఫోన్ చేసి ఏ కణాల నుంచి తీశారో, ఎవరు పరీక్షించారో అడుగు. ఆ తర్వాత కూడా వెళ్తానంటే నేనే కారులో దింపుతాను."

ఫోన్ చేశాను. ఏ కణాలంటే "ప్రీమియం సోర్స్" అన్నాడు. పరీక్షించిందెవరంటే ఆ కాగితాలు తన దగ్గర ఉండవన్నాడు. శుక్రవారం ఎక్స్‌రే తీయించుకున్నాను. ఆ సాయంత్రమే డాక్టర్ ఫోన్. మోకాలి కిందే, ఎముక లోపల గడ్డ.

తర్వాత వారాలు ఎలా గడిచాయో సరిగ్గా గుర్తులేదు. ముక్క తీసి పరీక్షించి, క్యాన్సర్ కాదన్నారు. కానీ పెరిగే గడ్డ, ఎముకని తినేస్తోంది. ఆపరేషన్ చేసి గీకేసి, ఆ ఖాళీని సిమెంట్ లాంటి దానితో నింపారు. ఇంజెక్షన్ సంగతి సర్జన్‌కి చెప్పాను. "దాని పక్కనే అలాంటివి ఎక్కిస్తే ఏమయ్యేదో నేను చెప్పలేను. చేయించుకోకపోవడం మంచిదైంది," అన్నాడు.

ఆ మాట ఆంటీకి చెప్తే, "చూశావా, నేను చెప్పలా?" అంటారనుకున్నాను. ఆవిడ నా మంచం పక్కన కూర్చుని, కళ్ళద్దాలు తీసి ఏడ్చారు. ఆవిడ ఏడవగా నేను చూడటం అదొక్కసారే.

"నేను ఉక్రోషంతో వద్దన్నానేమోనని ఒకటే బెంగ," అన్నారు. "ఇన్నేళ్ళు మేం తెలియదు తెలియదు అంటూ కూర్చున్న వాటినే, వాళ్ళెవరో తెలుసని సీసాల్లో పోసి అమ్ముతున్నారు. ఆ కోపం మీద నీ కాలు బాగయ్యే దారి మూసేశానేమోనని ఈ నెలంతా నాకు మనశ్శాంతి లేదు."

కళ్ళు తుడుచుకుని, నా వైపు వేలు చూపించారు. "ఎక్సోజోములు చెడ్డవని మాత్రం ఊరంతా చాటకు. నీ కథ దానికి రుజువు కాదు. సరిగ్గా పరీక్షించిన రోజు వస్తే ముందు చెయ్యి చాపేది నేనే. నేను ఉండకపోవచ్చు, అంతే."

ఆ రోజు ఇంకా రాలేదు. ఆవిడ లేరు. ఆపరేషన్ అయిన నాలుగు నెలలకి నేను లైన్ మీదకి తిరిగి వెళ్ళాను, ఇప్పటికీ నిలబడే పనిచేస్తున్నాను. అడిగినవాళ్ళకి నా కథ చెప్తాను, చివర్లో "ఇది రుజువు కాదు" అని ఆవిడ మాట కూడా కలుపుతాను.

ఆవిడ పోవడానికి ముందు ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళింటి పక్క పార్కింగ్ లాట్ చివర మంచు నెట్టి కుప్ప పోశారు. దాని మీద నుంచి పిల్లలు అట్టపెట్టెలు పరుచుకుని జారుతున్నారు. ఆంటీ కాసేపు అద్దంలోంచి చూసి, "కిటికీ కొంచెం తెరువమ్మాయ్, వాళ్ళ అరుపులు వినపడట్లేదు," అన్నారు. చలి కదా ఆంటీ అన్నా వినలేదు. తెరిచాను. చల్లగాలితో పాటు కేకలు లోపలికొచ్చాయి. శాలువా గడ్డం దాకా లాక్కుని, ముక్కు ఎర్రబడి, ఒక పిల్ల బోర్లా పడి లేచి మళ్ళీ పైకెక్కుతుంటే, ఆంటీ ఆయాసం మరిచిపోయి పకపకా నవ్వుతున్నారు.