అమ్మమ్మ తలదగ్గర దీపం

నిక్షేపంలా ఉన్న మా అమ్మమ్మను చంపినవాణ్ణి నేను. ఆగండి, పోలీసుల్ని పిలవకండి. పిలిచినా నా బతుకు ఇంతకంటే చెడేదేమీ లేదు.

అప్పుడు గుర్‌గావ్‌లో కొత్త ఉద్యోగం. జనక్‌పురి ఇంట్లో అమ్మ, ఎనభై దాటిన అమ్మమ్మ, నేను. ఓ జూన్ సాయంత్రం ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు, ఇన్వర్టరూ చచ్చింది. అమ్మ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు, తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. అమ్మమ్మ మంచం మీద లేదు, నేలమీద వెల్లకిలా పడుకుని ఉంది. తలదగ్గర దీపం. పక్కన ఎదురింటి పంజాబీ ఆంటీ చున్నీతో కళ్ళు తుడుచుకుంటోంది.

మీకు చెప్పాలా? మనిషిని నేలమీదికి దించి తలదగ్గర దీపం పెట్టారంటే ఇక అడగాల్సిందేముంది! లోపలికి వెళ్ళే ధైర్యం లేక మెట్లమీద కూలబడ్డాను. వెక్కుతూనే అమ్మమ్మ పోయిందంటూ బంధువుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. అందులో అమ్మమ్మ జీవితమంతా వచ్చేసింది. కాకినాడ కాపురం, తాతయ్య పోయాక కుట్టుమిషన్ తొక్కి పిల్లల్ని గట్టెక్కించడం, హిందీ ముక్క రాకుండానే మా వీధి కూరగాయల బండివాళ్ళను హడలగొట్టడం, అమృతంలాంటి చారు, అన్నీ.

వెంటనే కాకినాడ నుంచి పెద్ద మామయ్య ఫోను.

“ఒరేయ్, అమ్మ ఆఖర్లో ఏమైనా అందేంట్రా?”

“పొద్దున్న నేనెళ్తుంటే టిఫిన్ డబ్బా మర్చిపోకంది మామయ్యా.”

“నన్ను తలుచుకోలేదా?”

ఏం చెప్పను? “నీ పేరే కలవరించింది” అనేశాను. ఆయన బావురుమన్నాడు. నేనూ బావురుమన్నాను.

గుమ్మంలో వెలుగు పడింది. దీపం పట్టుకుని అమ్మమ్మ!

“చీకట్లో ఆ ఏడుపేంట్రా? ఉద్యోగం ఊడిందా?”

“నువ్వు... పోయావు కదా అమ్మమ్మా!”

“ఉక్కపోత భరించలేక నేలమీద పడుకున్నాన్రా సన్నాసీ! ఎదురింటావిడ కోడలి మీద గోడు చెప్పుకుంటుంటే కునుకు పట్టేసింది.”

ఫోన్లో మామయ్య ఇంకా ఉన్నాడు. “ఎవర్రా ఆ మాట్లాడేది?”

“నేనేరా, మీ అమ్మని. నీ పేరు నేనెప్పుడు కలవరించాన్రా?”

భూమి చీలితే బాగుండుననుకున్నాను. చీలలేదు. మెసేజ్ చెరిపేస్తానంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు, కూర్చుని మొత్తం వింది.

“తాతయ్య పోయాక నేను పెంచానా? ఆయనున్నప్పుడు మాత్రం ఎవరు పెంచార్రా? చారు అమృతమా? మొన్న సింకులో పారబోశావు కదరా!”

తర్వాత ఇంటికెవరొచ్చినా “నేను పోయినప్పుడు మా మనవడు ఎంత బాగా ఏడ్చాడో వినండి” అని వినిపించేది. నేను గదిలో దాక్కునేవాణ్ణి.

ఆ రోజే దీపం ముందు నాచేత ఒట్టు వేయించింది. తట్టి లేపకుండా ఈ జన్మలో ఎవరి చావూ చాటనని.

మొన్న చలికాలంలో ఓ ఉదయం ఆమె నిజంగానే పోయింది. ఈసారి మంచం మీదే, రజాయి కప్పుకుని. దీపం లేదు, పక్కన ఆంటీ లేదు. మామయ్యకు ఫోన్ చేశాను.

“సరిగ్గా చూశావా? మళ్ళీ ఓసారి లేపి చూడరా,” అన్నాడు. తిడుతున్నాడనుకున్నాను. కాదు, బతిమాలుతున్నాడు.

ఒట్టు నేను తప్పలేదండీ. ఫోన్ చేసే ముందే తట్టి లేపాను. మామయ్య అడిగాడని మళ్ళీ లేపాను. చారు నిజంగానే అమృతమని చెప్పి మరీ లేపాను.